మావయ్య కునుకు, తొందరమ్మ పొడి

కుర్చీ కొనబోయినవాళ్ళు అందులో కూర్చుని చూస్తారు. మావయ్య నిద్రపోయి చూస్తాడు. ఒక్క కుర్చీ అనే ఏముంది, ఇల్లు గానీ ఉద్యోగం గానీ కొత్తగా పరిచయమైన మనిషి గానీ, దాని దగ్గర ఒక కునుకు తీస్తే తప్ప మంచిదో కాదో తేల్చి చెప్పడు. కళ్ళు తెరిచి చూస్తే పైపై రంగే కనబడుతుందని, మూసుకుంటేనే లోపలి సంగతి తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతం కూడా ఆయనకు నిద్రలోనే తట్టి ఉంటుందని ఇంట్లో అందరికీ అనుమానం.

అద్దె ఇల్లు చూడబోయిన రోజున ఇంటాయన వంటిల్లూ పెరడూ తిప్పి చూపిస్తుంటే, మావయ్య హాల్లో నేల మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. లేచి, కలలో నది కనిపించింది, చల్లగా ఉంది, తీసుకుందాం అన్నాడు. తీసుకున్నారు. మొదటి వానకే ఆ నది పైకప్పులోంచి నిజంగా దిగింది. "చెప్పానా," అన్నాడు మావయ్య, దాని కింద బకెట్టు పెడుతూ.

ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు, మీరు నన్ను అడిగేలోపు నేను మీ ఆఫీసును కాస్త చూడాలి అని చెప్పి బెంచీ మీద నిద్రపోయాడట. ఆఫీసరు నవ్వీ నవ్వీ ఉద్యోగం ఇచ్చేశాడట. రిటైరయ్యేదాకా మావయ్య మీద ఒక్క మచ్చ లేదు. పడుకున్న మనిషి మచ్చ తెచ్చుకోవడం కూడా కష్టమే మరి.

ఆయన నిద్రపోవడం చూడడానికి ముచ్చటగా ఉంటుంది. ముందు కళ్ళద్దాలు తీసి, మడిచి, జేబులో పెట్టుకుంటాడు. తర్వాత రెండు చేతులూ పొట్ట మీద జత చేస్తాడు. చివరికి గడ్డం మెల్లగా గుండె మీదికి దిగుతుంది. అంతే, దీపం తగ్గించినట్టు మనిషి చుట్టూ వెలుతురు తగ్గిపోతుంది. పక్కనున్నవాళ్ళకు కూడా ఆవులింతలొస్తాయి.

ఆయన మేనకోడలు సరిగ్గా దీనికి ఎదురు. అన్నం నిలబడి తింటుంది, మెట్లు రెండేసి ఎక్కుతుంది, కథల పుస్తకంలో చివరి పేజీ ముందు చదువుతుంది. కాలేజీలో పాఠాలు నత్తలా నడుస్తున్నాయని మధ్యలో వదిలేసి వచ్చింది. ఇంట్లో ఆమెను తొందరమ్మ అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేలోపు గది దాటి వెళ్ళిపోతుంది కనుక, ఆ పేరు వాడకంలో లేదు.

తొందరమ్మ వ్యాపారం వంటింట్లో పుట్టింది. వాళ్ళమ్మ పెద్ద జ్వరం నుంచి లేచాక ఏది పెట్టినా పళ్ళెం పక్కకు జరిపేసేది. కూతురు గుమ్మడి గింజలు, బాదం, నువ్వులు వేయించి, ఎండు ఖర్జూరం, పాలపొడి చేర్చి మెత్తగా పట్టి, గోరువెచ్చని పాలలో ఒక చెంచా కలిపి ఇచ్చింది. అమ్మ గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం ఉందా అని అడిగింది. ఆ మాటతో తొందరమ్మకు బతుకులో ఏం చేయాలో తెలిసిపోయింది. తర్వాత పక్కింటావిడ అడిగింది, ఆవిడ చెల్లెలు అడిగింది, చివరికి ఊళ్ళో మూడు నాలుగు మందుల షాపులున్న పెద్దమనిషి తన తల్లి కోసం పట్టుకెళ్ళాడు. తల్లి బాగుందన్నదని మళ్ళీ వచ్చాడు. ఈసారి వ్యాపారం మాట్లాడాడు. ఇంట్లో చేసింది షాపులో పెట్టలేనని, లైసెన్సున్న ఫ్యాక్టరీలో పట్టించి, గట్టిగా సీలు వేసి, లోపల ఏమేమున్నాయో అట్ట మీద అచ్చు వేయించి తెస్తే, డబ్బు కట్టే బల్ల పక్కనే ఒక అర ఇస్తానని అన్నాడు. వానలు మొదలయ్యేలోపు రాకపోతే ఆ అర దగ్గు మందులకు పోతుందని కూడా చెప్పాడు.

నాన్న దీనికి తన షరతు జోడించాడు. వానల్లోపు అర దక్కితే ఆయన అడ్డం రాడు. దక్కకపోతే మళ్ళీ కాలేజీకి, మాట్లాడకుండా. ఆయన వాక్యం పూర్తయ్యేలోపే తొందరమ్మ ఒప్పేసుకుంది. ఫ్యాక్టరీల వెంట ఒక్కదానివే తిరగొద్దు, మావయ్యను తోడు తీసుకెళ్ళు అన్న రెండో ముక్క ఆ తర్వాత వచ్చింది.

"మావయ్య కంటే పరుపును తీసుకెళ్ళడం నయం నాన్నా. దానికి బస్సు టికెట్ అక్కర్లేదు."

మావయ్య అప్పటికే గోడకు ఆనుకుని ఈ విషయం మీద కునుకు తీస్తున్నాడు. కళ్ళు తెరిచి, "వెళ్దాంలే తొందరమ్మా. కల బాగానే ఉంది," అన్నాడు.

ముందు డబ్బాల బజారుకి వెళ్ళారు. ఇరుకు సందులో అటూ ఇటూ షాపులు, నేల నుంచి కప్పుదాకా ఖాళీ సీసాలు, డబ్బాలు, మూతలు, పౌచ్‌లు. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి వడగట్టుకుని వచ్చి, సందంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. మనుషులు కూడా చేపల్లా మెల్లగా కదులుతున్నారు. తొందరమ్మకు మాత్రం కాళ్ళు నిలవలేదు. ముందువైపు పారదర్శకంగా చిన్న కిటికీ ఉన్న పౌచ్ కనబడగానే మనసు పారేసుకుంది. మావయ్య అట్టపెట్టెల దొంతర మీద పడుకుని ఉంటే, ఎవరో వచ్చి ఆ పెట్టెలు తమకు కావాలని, పైనున్నది తీస్తారా అని షాపాయన్ని అడిగారు.

"డబ్బాలన్నీ నోళ్ళు తెరుచుకుని నన్నే చూశాయి," అన్నాడు మావయ్య లేచి. "మాలో ఏం పోస్తావని అడిగాయి. నేను పోసేవాణ్ణి కాదు, ఆ అమ్మాయిని అడగండి అన్నాను."

ఆ కలను తొందరమ్మ పట్టించుకోలేదు. ఆమెకు పౌచ్‌ల గొడవే సరిపోయింది. ఇంటికి తెచ్చి, పొడి పోసి, వేడితో అంటించే చేతి మిషనుతో మూతి అతికిస్తే, కాసేపటికి చాలావాటికి నోరు విచ్చుకుంది. మిషను మార్చింది, వేడి పెంచింది, పౌచ్‌లు అమ్మినవాణ్ణి తిట్టింది. ఒకరోజు విసిగిపోయి, విచ్చుకున్న మూతిని వేలితో రాసి చూస్తే, లోపలి అంచుకు సన్నగా పొడి అంటుకుని ఉంది. పోసేటప్పుడు ఎగిరిన పొడి అంచు మీద వాలితే, ఇక అక్కడ ఎంత వేడి పెట్టినా సీలు పట్టదు. అప్పుడు మందపాటి కాగితం గొట్టంలా చుట్టి, పౌచ్ అడుగుదాకా దించి, దాంట్లోంచి పోసింది. మూతి శుభ్రంగా ఉంది. సీలు పట్టింది. వంటింట్లో ఓ మూల ముక్కాలిపీట మీద కునుకులో ఉన్న మావయ్యకు ఈ విజయం వినిపించింది. ఆయన కళ్ళు మూసుకునే తలూపాడు.

మొదటి ఫ్యాక్టరీ పెద్దది. అద్దాల గది, మెత్తటి సోఫా, పూలకుండీ. టై కట్టుకున్న మేనేజరు వస్తూనే మావయ్యకు చెయ్యిచ్చి, చెప్పండి సార్ అన్నాడు. తొందరమ్మ చెప్పబోయింది. ఆయన చూపు మావయ్య మీదే ఉంది. మావయ్య కళ్ళద్దాలు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మేనేజరు ఆ గడ్డం దిగడం ఆసాంతం చూసి, మంచినీళ్ళు తాగి, ఇక గత్యంతరం లేక అమ్మాయి వైపు తిరిగాడు. వాళ్ళ కలిపే మిషను ఒక గదంత ఉంటుంది. ఒక్కసారి తిరిగితే లారీ నిండుతుంది. అంతకంటే తక్కువ సరుకు అందులో పోస్తే గోడలకు అంటుకోవడానికే చాలదు. ఆమెకు కావలసింది ఆ మిషనుకు చిటికెడు.

"ఏనుగు వచ్చింది కలలో," అన్నాడు మావయ్య బయటికి వచ్చాక. "దాని ముందు నువ్వు చెంచా పట్టుకుని నిలబడి, నోరు తెరువు తెరువు అంటున్నావు. అది మంచి ఏనుగే పాపం. ఏం చేస్తుంది, చెంచా కనబడక ఇబ్బంది పడుతోంది."

అలా చాలాచోట్లకు తిరిగారు. ప్రతిచోటా అదే వరస. లోపలికి అడుగు పెట్టగానే అందరూ మావయ్యను చూసి సార్ అంటారు. సార్ నిద్రపోతాడు. తొందరమ్మ పళ్ళు కొరుక్కుంటూ తనే మాట్లాడుతుంది. మొదట్లో తడబడింది, మిషన్ల పేర్లు తెలియక నాలుక్కరుచుకుంది. పోనుపోను ప్రశ్నలు పదునెక్కాయి. మావయ్య నిద్ర మాత్రం ఎక్కడా పలచబడలేదు. బస్సుల్లో, గేట్ల దగ్గర కాపలావాళ్ళ కుర్చీల్లో, బస్తాల మీద, ఒకచోట తూకం మిషను పళ్ళెంలోనూ పడుకున్నాడు. అక్కడివాళ్ళు ఆయన్ని లేపకుండానే తూచి బరువు చెప్పారు.

ఒక ఫ్యాక్టరీ యజమాని మాత్రం అన్నిటికీ సరే అన్నాడు. కొంచెం సరుకా, సరే. రేపే కావాలా, సరే. ఆయన గొంతు వింటుంటే జోలపాట విన్నట్టుంది. తొందరమ్మకు నేల మీద కాళ్ళు ఆనలేదు. అప్పటికే మందుల షాపులో ఆ అర, దాని మీద వరసగా తన పౌచ్‌లు, వాటి మీద పడుతున్న వెలుతురు, ఒక ముసలావిడ చెయ్యి చాచి ఒకటి అందుకోవడం, అన్నీ కళ్ళకు కట్టాయి. మాట ఇచ్చేసి బయటికి వచ్చేసరికి, గోదాము తలుపు పక్కన ఇనుప స్టూలు మీదున్న మావయ్య కళ్ళు తెరిచాడు.

"నీ పొడి పౌచ్‌లో హాయిగా పడుకుని ఉంది. పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని పొడి దుప్పటి లాక్కుంటోంది. ఎవరు నువ్వు అని అడిగితే, నేను నిన్నటిదాన్ని అంది."

కలలు చూసి ఫ్యాక్టరీ ఎంచుకోమంటావా అని తొందరమ్మ విరుచుకుపడింది. ఆ కోపంలోనే గేటుదాకా నడిచింది. గేటు దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళి, ఒక సరుకు పట్టాక రెండోదానికి మిషను ఎలా కడుగుతారని యజమానిని అడిగింది. కడగడమెందుకు, దులుపుతాం అన్నాడు ఆయన. నిన్న ఏం పట్టారని అడిగింది. పశువుల దాణాలో కలిపే పొడి అన్నాడు. ఆమె మొహం చూసి, "అదీ బలానికేగా అమ్మా," అన్నాడు అదే తియ్యని గొంతుతో.

ఇచ్చిన మాట వెనక్కి తీసుకుని తొందరమ్మ బస్సెక్కింది. ఆకాశం ఒక పక్క నల్లబడుతోంది. ఇంకెంతో కాలం లేదు. కాలేజీ గేటూ, నత్తల్లాంటి పాఠాలూ కళ్ళ ముందు ఆడాయి. కోపం పోయే చోటు లేక మావయ్య మీదికి వచ్చింది.

"తోడుకు వచ్చావా, నిద్రకు వచ్చావా? ఇన్ని చోట్లకు తిరిగాం. ఒక్కచోటైనా నా పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడావా మావయ్యా?"

 మావయ్య కిటికీలోంచి వెనక్కి వెళ్ళిపోతున్న చెట్లను చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు బస్సులో ఆయన నిద్రపోలేదు.

మిగిలింది ఒక్క ఫ్యాక్టరీ. ఊరి చివర, రేకుల కప్పు, చుట్టూ వేపుడు గింజల కమ్మని వాసన. లోపల తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు తూచి, నింపి, అంటిస్తున్నారు. మిషన్లు తుమ్మెదల్లా జుమ్మంటున్నాయి. పై కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగి, అందులో సన్నటి పొడి మెల్లమెల్లగా తేలుతోంది. తొందరమ్మకు కూడా ఒక్క క్షణం ఎందుకొచ్చిందో మరిచిపోయి అక్కడే నిలబడిపోవాలనిపించింది.

యజమాని పెద్దాయన. మందపాటి కళ్ళద్దాలు, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, తొణకని మనిషి. ఇద్దర్నీ బెంచీ మీద కూర్చోబెట్టాడు. మావయ్య తన కళ్ళద్దాలు మడిచేశాడు. తొందరమ్మ నోరు తెరవగానే పెద్దాయన మర్యాదగా చెయ్యెత్తి ఆపాడు.

"మీ మావయ్యగారు లేవనీ అమ్మా. చిన్నపిల్లవి, నీతో మాట అనుకుని రేపు పెద్దవాళ్ళు కాదంటే ఇద్దరికీ బాధ. నాకేం తొందర లేదు."

నిజంగానే ఆయనకు తొందర లేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఇంతదాకా ఏ ఫ్యాక్టరీలోనూ ఎవరూ మావయ్య నిద్రకు ఎదురు నిలవలేదు. అందరూ విసుగెత్తి ఆమె వైపు తిరిగినవాళ్ళే. ఈయన తిరిగేలా లేడు. గోడ గడియారం నడుస్తోంది. తొందరమ్మ కాలు ఊపింది. దగ్గింది. మావయ్యా, అని మెల్లగా పిలిచింది. ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు ఈగ వచ్చింది.

వచ్చి మావయ్య నుదుటి మీద వాలింది. నుదుటి మీంచి కనుబొమ్మ మీదికి, అక్కడి నుంచి ముక్కు మీదికి దిగింది. ముక్కు పొడుగునా షికారు చేసి, కొన మీద ఆగి, చేతులు రుద్దుకుంది. మళ్ళీ పైకి బయల్దేరింది. తొందరమ్మ దాన్నే చూస్తోంది. మావయ్య నిద్ర ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇంట్లో భోజనం అయ్యాక పడుకున్నప్పుడు ఈగ గదిలోకి వస్తేనే తువ్వాలు విసురుతాడు, నిద్రలోనే దాన్ని నాలుగు మాటలంటాడు. ఆ మనిషి ఇప్పుడు శిలలా ఉన్నాడు. ఈగ ముక్కు రంధ్రం అంచున నిలబడి లోపలికి తొంగిచూసింది. మావయ్య కదల్లేదు. బెంచీ కింద మాత్రం, చెప్పులోంచి ఆయన కాలి బొటనవేలు పైకి లేచి, వంకర తిరిగి, వణుకుతోంది.

తొందరమ్మ ఆ బొటనవేలును చూసింది. జీవితంలో మొదటిసారి ఏ తొందరా లేకుండా ఒక వస్తువును చూసింది. ఇన్నాళ్ళూ తిరిగిన గదులన్నీ ఒక్కొక్కటే మళ్ళీ ఆమె ముందుకు తేలుకుంటూ వచ్చాయి. సార్ సార్ అంటూ అటు తిరిగిన మొహాలు. దిగిపోతున్న గడ్డం. తర్వాత విధిలేక తన వైపు తిరిగిన అవే మొహాలు. ఆయన ఒక్కచోట నోరు విప్పి ఉన్నా, తనను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చోబెట్టేవాళ్ళు.

పక్కనున్న సంచీ ఒళ్ళోకి లాక్కుంది.

"ఆయన లేవరండీ," అంది పెద్దాయనతో. "నేను మాట్లాడేదాకా లేవరు. పొడి నాది, పని నాది. మాట కూడా నాదే ఉంటుంది. ఒక్కటి అడుగుతాను, మీ మిషనులో పొడి పోసే గొట్టం పౌచ్ లోపలికి ఎంతదాకా దిగుతుంది?"

పెద్దాయన కట్టుకున్న చేతులు విడిపోయాయి. ఎందుకడుగుతున్నావన్నాడు. పైనుంచి పోస్తే పొడి ఎగిరి మూతికి అంటుకుంటుందని, అప్పుడు సీలు పట్టదని, గొట్టం అడుగుదాకా దిగి, నిండుతున్న కొద్దీ పైకి లేవాలని ఆమె చెప్పింది. తన విచ్చుకున్న పౌచ్‌లు సంచీలోంచి తీసి బల్ల మీద పరిచింది. ఆయన ఒకటి తీసుకుని వెలుతురుకు పెట్టి, మూతిని వేలితో రాసి చూశాడు. ఆ తర్వాత మావయ్య వైపు మళ్ళీ చూడలేదు.

"రా అమ్మా, మిషను చూద్దువుగాని."

చాలాసేపే మాట్లాడుకున్నారు. గొట్టం బాగానే దిగుతోంది. కిటికీ పౌచ్ మాత్రం ఆయనకు నచ్చలేదు. నూనె గింజల పొడికి వెలుతురు తగిలితే ముక్కిపోయిన వాసన వస్తుందన్నాడు. అందంగా ఉందని కొన్నానని ఆమె ఒప్పుకుంది. అప్పటికప్పుడు కిటికీ మీద మనసు చంపుకుంది. ఇక అసలు చిక్కు, సరుకు మరీ కొంచెం. వారానికోసారి మిషను విప్పి, కడిగి, ఆరబెడతామని, మర్నాడు పొద్దున పెద్ద సరుకు ఎక్కించే ముందు అది కాసేపు ఖాళీగా ఉంటుందని పెద్దాయన అన్నాడు. అని, గడ్డం గోక్కున్నాడు. ఆ కాసేపు నాకివ్వండి అంది తొందరమ్మ. కడిగిన మిషనులో మొదటి పొడి నాదే అవుతుంది, పక్కన ఎవరిదీ ఉండదు అంది.

ఆయన తలూపాడు. వచ్చే వారమే మొదలెడదామని, వానలకు బాగా ముందే సరుకు చేతికిస్తానని మాటిచ్చాడు. మాట ఆమెకే ఇచ్చాడు, ఆమె కళ్ళలోకి చూసి.

గదిలోకి తిరిగి వచ్చేసరికి మావయ్య నోరు తెరుచుకుని, ఒక పక్కకు ఒరిగి, గురక పెడుతున్నాడు. ఈసారి అసలు నిద్ర. తొందరమ్మ లేపలేదు. పక్కనే కూర్చుంది. ఎండలో తేలుతున్న పొడిని చూస్తూ, ఆయన అంతట ఆయన లేచేదాకా కూర్చుంది. అంతసేపు ఆమె ఒకచోట కూర్చోవడం చూసి ఉంటే వాళ్ళమ్మ మళ్ళీ జ్వరం వచ్చిందేమోనని నుదురు తడిమి చూసేది.

సాయంత్రం బస్సు దాదాపు ఖాళీగా ఉంది. పొలాల మీద వెలుతురు పలచని తేనెలా పాకుతోంది.

"ఏం కల వచ్చింది మావయ్యా?"

"ఇవాళ ఏమీ రాలేదు."

"నాకొచ్చింది."

"నువ్వెప్పుడు పడుకున్నావు?"

"మధ్యలో. ఒకాయన కూర్చుని ఉన్నాడు. ముక్కు మీద ఈగ. అది పైకీ కిందికీ ఎంత తిరిగినా ఆయన చెయ్యెత్తలేదు."

మావయ్య బయటికి చూస్తున్నాడు. 

"పాపం," అన్నాడు. "ఎందుకెత్తలేదట?"

"చెయ్యెత్తితే, ఎదురుగా ఉన్నాయన ఆయనతోనే మాట్లాడతాడట. మేనకోడలితో మాట్లాడడట."

మావయ్య కళ్ళద్దాలు తీశాడు. మడవకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత తీరిగ్గా కుడిచెయ్యి ఎత్తి, నుదుటి నుంచి మొదలుపెట్టి, కనుబొమ్మ మీదుగా, ముక్కు పొడుగునా, కొనదాకా, అటూ ఇటూ, కళ్ళు మూతలు పడేంత హాయిగా గోక్కున్నాడు.

"మహా మొండి ఈగ," అన్నాడు.